జీలుగు, మొగలి, సాగో పామ్... వీటిలో నిజంగా పామ్ కుటుంబంలోవి ఏవి?

గోదారి_పిల్ల:
అందరికీ నమస్తే అండి. మా తమ్ముడు బైపీసీ ఫస్టియర్, పామ్ కుటుంబం మీద ప్రాజెక్టు చేస్తున్నాడు. కొబ్బరి, తాడి, ఈత, పోక రాసేశాడు గానీ జీలుగు దగ్గర ఆగిపోయాం, ఎందుకంటే దాని ఆకు మిగతా వాటిలా ఉండదు కదా. పైగా నర్సరీలో సాగో పామ్ అని ఒకటి, ట్రావెలర్స్ పామ్ అని ఇంకోటి అమ్ముతున్నారు, అవి కూడా రాయొచ్చా? మొగలి సంగతేంటి? దేన్ని బట్టి తేల్చుకోవాలో కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

బోటనీ_మాస్టారు:
అమ్మా, జీలుగు నిస్సందేహంగా రాయించు, అది కూడా అరికేసీ కుటుంబమే (పాత పుస్తకాల్లో పాల్మే అని ఉంటుంది, రెండు పేర్లూ చెల్లుతాయి). మొత్తం సుమారు 2,600 జాతులు, 5 ఉపకుటుంబాలు.

గుర్తుపట్టాలంటే ముందు ఆకు చూడమను. పామ్ ఆకు మొవ్వులో ఉన్నప్పుడు మడతలు పడిన ఒకే ఆకు, తర్వాత ఆ మడతల వెంట చీలి రెబ్బలవుతుంది. అరటాకు అలా కాదు, గాలికి చిరుగుతుంది అంతే. ట్రావెలర్స్ పామ్ ఆకూ అంతే, అది మడగాస్కర్ మొక్క, అరటి ఉన్న క్రమంలోదే (క్రమం అంటే కొన్ని కుటుంబాలు కలిసిన పెద్ద గుంపు), కాబట్టి కొట్టేయండి. మొగలి ఆకు అసలు చీలదు, అంచుల వెంట ముళ్ళుంటాయి, దాని క్రమం పాండనేలిస్, అదీ వేరే. సాగో పామ్ అయితే పుష్పించే మొక్కే కాదు, సైకస్, వివృతబీజాల్లోది (అంటే విత్తనం కాయలో దాగకుండా బయటికే ఉండే మొక్కలు). తిరుమల కొండల మీద పెరిగే పేరిత దానికి చుట్టం, తూర్పు కనుమల్లో ఆంధ్ర వైపు తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు.

ఇక జీలుగు కథ చాలా బాగుంటుంది, ఇది తప్పకుండా రాయించు. 1987లో వచ్చిన వర్గీకరణలో దాన్ని కొబ్బరి, పోక ఉన్న అరికాయిడే ఉపకుటుంబంలో పెట్టారు, కారణం పూలు, రెండు మగ పూల మధ్య ఒక ఆడ పువ్వు చొప్పున మూడేసి గుంపుగా వస్తాయి, కొబ్బరిలోనూ అంతే. కానీ డీఎన్ఏ చూశాక 2008 వర్గీకరణలో దాన్ని తీసుకెళ్ళి తాడి, ఈత ఉన్న కొరిఫాయిడేలో కలిపారు. ఆకు ముందు నుంచీ ఆ మాటే చెప్తోంది! కొబ్బరి రెబ్బ మడత ఇంటి కప్పులా కిందికి వాలి ఉంటుంది, ఈతలోనూ జీలుగులోనూ దోనెలా పైకి తెరుచుకుని ఉంటుంది. చేత్తో పట్టుకుని చూస్తే తెలిసిపోతుంది.

రంపచోడవరం_బాబు:
మాస్టారు చెప్పింది కరెక్ట్. మా ఏజెన్సీలో జీలుగు కల్లు తీస్తారు కాబట్టి ఒకటి కలుపుతా, జీలుగు ఎదిగినంత కాలం పూయదు, పూయడం మొదలెడితే గెల పైన వేసి, అక్కణ్ణించి కిందికి ఒక్కొక్కటే వేసుకుంటూ వస్తుంది, ఆఖరి గెల అయ్యాక చెట్టు చచ్చిపోతుంది. కొబ్బరి అలా కాదు, ఏడాది పొడుగునా గెలలు వేస్తూనే ఉంటుంది. తాడిలో పోతుతాడు వేరు, కాయ కాసే చెట్టు వేరు, ఇది కూడా రాయమనండి.

గోదారి_పిల్ల:
చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. ఇంకొక్క డౌట్, అరటి వేరే క్రమం అన్నారు కదా, మరి మొగలి కంటే దూరమా దగ్గరా?

బోటనీ_మాస్టారు:
దగ్గరమ్మా! చూడ్డానికి మొగలే దగ్గర అనిపిస్తుంది గానీ కాదు. పామ్‌లు, అరటి అల్లం పసుపు ఉన్న క్రమం, వరి చెరకు వెదురు ఉన్న గడ్డి క్రమం, ఇవన్నీ ఏకదళబీజాల్లో కామెలినిడ్స్ అనే ఒకే పెద్ద శాఖ, మొగలి దాని బయట ఉంది. ఈ మొక్కల కణ గోడల్లో ఫెరూలిక్ ఆమ్లం ఉంటుంది, అతినీలలోహిత కాంతి పడితే మెరుస్తుంది, ఆ శాఖను కలిపే గుర్తుల్లో అదొకటి.

కొబ్బరి_తోట:
నాదీ ఒక మాట. కొబ్బరి చిప్పకి మూడు కళ్ళుంటాయి కదా, మా పక్క పొలంలో ఆయిల్ పామ్ గింజ పెంకు చూస్తే దానికీ ఉన్నాయి!

బోటనీ_మాస్టారు:
ఉంటాయండి, రెండూ కొకోసీ అనే ఒకే తెగ. ఆడ పువ్వులో మూడు గదులుంటాయి, మామూలుగా ఒక్కదాంట్లోనే విత్తనం ఎదుగుతుంది, ఆ గదికి చెందిన మెత్తటి కన్నులోంచే మొలక వస్తుంది. తాడికి మాత్రం మూడు గదులూ ఎదుగుతాయి, అందుకే కాయలో మూడు ముంజలు.