లూమినాల్ వెలుగుకి క్యాన్సర్ కణాలు చావడం లేదు, లోపం ఎక్కడుంది?

బయటి దీపం లేకుండా, రసాయన చర్యలో పుట్టే వెలుగుతోనే హీలా కణాలను (ల్యాబ్‌లో పెంచే క్యాన్సర్ కణాలు) చంపాలని చూస్తున్నాను. వెలుగు పడితే కణాలను చంపే క్లోరిన్ ఈ6 అనే రంగు పదార్థం 5 మైక్రోమోలార్ వేసి, 4 గంటలు ఉంచి, పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో రెండుసార్లు కడిగాను. తర్వాత చీకట్లో లూమినాల్ (పెరాక్సైడ్‌తో చర్య జరిపి వెలుగిచ్చే రసాయనం), ఆ చర్యను వేగం చేసే పెరాక్సిడేజ్ ఎంజైమ్, 100 మైక్రోమోలార్ హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపాను. ప్లేట్ గుంటల్లో లేత నీలం వెలుగు కంటికే కనిపిస్తుంది, కానీ మూడు నిమిషాల్లోపే ఆరిపోతుంది. 24 గంటల తర్వాత, బతికున్న కణాలను కొలిచే ఎంటీటీ పరీక్షలో రంగు ఉన్న గుంటల్లో 88 శాతం, లేనివాటిలో 91 శాతం కణాలు బతికే ఉన్నాయి.

రంగు పాడైందేమోనని అదే బ్యాచ్‌పై 660 నానోమీటర్ల ఎల్‌ఈడీ పెట్టి చూశాను. 20 శాతం కూడా మిగల్లేదు. పెరాక్సైడ్‌ని 500కి పెంచితే రంగు లేని కణాలూ చచ్చిపోయాయి, ఇక ఆ ఫలితానికి అర్థమే లేదు. పీహెచ్ 7.4 నుంచి 8కి మారిస్తే వెలుగు పెరిగింది, చావు పెరగలేదు. లూమినాల్ వెలుగు 425 నానోమీటర్ల దగ్గర, ఈ రంగు బాగా పీల్చుకునేది 400 దగ్గర. కొంతైనా కలవాలి కదా! మూడు వారాలుగా ఇదే టెన్షన్.

పెరాక్సైడ్ పెంచకుండా రంగుకి అందే వెలుగు పెరగాలంటే లూమినాల్‌ని కొద్దికొద్దిగా చాలాసార్లు వేస్తే సరిపోతుందా, లేక లూమినాల్‌నీ రంగునీ ఒకే నానోకణంలో దగ్గరగా పెట్టాల్సిందేనా?