‘ముద్రణ’, ‘కూర్పు’ – రెండూ ఒకటేనా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఇంట్లో ఉన్న పుస్తకాలన్నిటికీ ఒక జాబితా రాసుకుంటున్నాను. పేరు, రచయిత గడులు చకచకా నిండిపోయాయి. మూడో గడి దగ్గర ఆగిపోయాను. ఇంగ్లీషు జాబితాల్లో అక్కడ ‘ఎడిషన్’ అని ఉంటుంది. నేను ‘ముద్రణ’ అని రాసేశాను. రాశాక అనుమానం పట్టుకుంది.

నా దగ్గరున్న ‘కన్యాశుల్కం’ తీసి చూస్తే లోపలి పేజీలో ‘ప్రథమ ముద్రణ’ అని ఉంది. పుస్తకం చూస్తే పాతికేళ్లు కూడా నిండనిది. గురజాడ పోయింది 1915లో. అంటే అది ఆ ప్రచురణకర్తకు ప్రథమం, పుస్తకానికి కాదు. దేన్ని చూసి వేశారో మాత్రం ఎక్కడా లేదు. దాన్నలాగే ఎక్కిస్తే రేపు నా జాబితా చూసినవాళ్లు నవ్వరూ?

‘ఎడిషన్’కి ‘కూర్పు’ అనే మాట అక్కడక్కడా చదివాను. రెండూ ఒకటేనా? తేడా ఉంటే దాన్ని ఎవరైనా పాటిస్తున్నారా?

తెలుగు చెప్పి రిటైరైన మాస్టారి జవాబు

అమ్మా, ముందు మాట సంగతి చూద్దాం. మార్చు–మార్పు, తీర్చు–తీర్పు, ఓర్చు–ఓర్పు, నేర్చు–నేర్పు. ఆ వరసలోదే కూర్చు–కూర్పు. విడివిడిగా ఉన్నవాటిని ఒక పద్ధతిలో ఒకచోటికి తేవడం కూర్చడం. దండ కూర్చుతాం, మాటలు కూర్చుతాం, కొందరు ఆస్తి కూడా కూర్చుతారు. ‘ముద్రణ’ ముద్ర నుంచి వచ్చింది. ఒత్తితే పడే గుర్తు ముద్ర. ఒకటి పాఠాన్ని సిద్ధం చేసే పని, ఇంకొకటి దాన్ని కాగితం మీద ఒత్తే పని. మాటల్లోనే తేడా ఉంది, వాడుకలోనే కలిసిపోయింది.

మీరు ఎత్తిన పుస్తకమే దీనికి మంచి ఉదాహరణ. ‘కన్యాశుల్కం’ 1897లో మొదటిసారి అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని దాదాపు తిరగరాసి మళ్లీ వేయించారు. మొదటిది అయిదు అంకాలు, రెండోది ఏడు. మధురవాణి ఇవాళ మనకు తెలిసిన మధురవాణిగా పెరిగింది రెండోదాంట్లోనే. మనం చదివేదీ, ఎక్కువగా ఆడేదీ 1909 నాటి పాఠమే. 1897 నాటిదాన్ని తర్వాత పరిశోధకుడు బంగోరె వెలికితీసి అచ్చు వేయించారు కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టుకునే భాగ్యం మనకుంది. ఈ రెండిటినీ పట్టుకుని ‘మొదటి ముద్రణ, రెండవ ముద్రణ’ అంటే ఏమీ చెప్పనట్టే. అవి రెండు కూర్పులు. ఆ తర్వాత వచ్చినవాటిలో చాలా వరకు రెండో కూర్పుకు వేసిన ముద్రణలు.

లైబ్రరీలో పనిచేసే సభ్యురాలు

మాస్టారి మాట కాదనను గానీ, రోజూ పుస్తకాలతో కుస్తీ పట్టేదాన్ని కాబట్టి ఒక చిక్కు చెబుతాను. ‘కూర్పు’ అనే మాట ఖాళీగా లేదండీ, ఇప్పటికే మూడు ఉద్యోగాలు చేస్తోంది. పుస్తకం వివరాల పేజీలో ‘అక్షర కూర్పు’ అని ఉంటే డీటీపీ చేసినవారి పేరు. అట్ట మీద ‘కూర్పు’ అని పక్కన ఒక పేరుంటే, ఆయన నలుగురివీ ఏరి ఒకచోట చేర్చారని. తెలుగు వికీపీడియాలో ఏ పేజీ చరిత్ర తెరిచి పాతదాన్నీ కొత్తదాన్నీ పోల్చినా ‘కూర్పుల మధ్య తేడాలు’ కనిపిస్తాయి. అక్కడ కూర్పంటే వెర్షన్. ఇప్పుడు మీరిద్దరూ నాలుగో పని అప్పగిస్తున్నారు.

మా దగ్గర కొత్తగా చేరిన ఒకబ్బాయి ‘కూర్పు’ పక్కన ఉన్న పేరు చూసి, ఆయన్నే రచయితగా కార్డు మీద ఎక్కించేశాడు. వేమన పద్యాలకు కొత్త రచయిత దొరికాడు!

ఇంకోటి. ‘ప్రతి’ కూడా ఇలాంటిదే. ‘ప్రతులు: 1000’ అన్నచోట కాపీలు, ‘తాళపత్ర ప్రతి’ అన్నచోట రాతప్రతి, ‘శుద్ధప్రతి’ అన్నచోట దిద్ది తిరగరాసిన కాగితాలు. ‘ప్రతులకు’ అని ఉంటే పుస్తకాలు దొరికే చిరునామా. అయినా అలవాటైనవాళ్లెవరూ తికమకపడరు, పక్కనున్న మాటే దారి చూపిస్తుంది. ‘కూర్పు’ విషయంలోనూ అంతే అంటారా? నాకైతే నమ్మకం లేదు.

నిఘంటువులు సేకరించే సభ్యుడు

నేను మాస్టారి వైపే. కారణం నిఘంటుకర్త సి.పి. బ్రౌన్. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. ఇవాళ ఎక్కువమంది బల్ల మీద ఉన్నది, కంప్యూటర్లో వెతికేది 1903లో వచ్చినది. బ్రౌన్ పోయిందే 1884లో. 1903 నాటిదాన్ని ఎం. వెంకటరత్నం, డబ్ల్యూ. హెచ్. క్యాంప్‌బెల్, కందుకూరి వీరేశలింగం సవరించారు. మనవాళ్లు వ్యాసాల్లో ‘బ్రౌన్ ఈ మాటకు ఇలా అర్థం చెప్పాడు’ అని ధీమాగా రాస్తారు. చెప్పింది బ్రౌనో, ఆయన పోయాక సవరించినవారో ఎలా తెలుస్తుంది? 1852 నాటిది పక్కన పెట్టుకుని చూస్తేనే తెలుస్తుంది. ‘బ్రౌన్, రెండవ కూర్పు, 1903’ అని రాస్తే ఈ గొడవే ఉండదు.

వేమన కూడా అంతే. బ్రౌన్ 1829లో ఒకసారి, 1839లో ఇంకోసారి వేమన పద్యాలు వేశాడు. రెండోదాంట్లో పద్యాలు బాగా ఎక్కువ. సేకరణ మీద సరదా ఉన్నవాళ్లు రెండోది చేతికొస్తే ‘ఓహ్, రీప్రింట్’ అని పక్కన పెట్టేయకూడదు.

ఇది ఒక్క తెలుగు జబ్బే కాదు లెండి. డార్విన్ జాతుల పుట్టుక పుస్తకం 1859లో 1250 ప్రతులతో మొదలైంది. ఆయన బతికుండగానే ఆరు కూర్పులు వచ్చాయి, ప్రతిదాంట్లోనూ చెయ్యి పెట్టాడు. ‘సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్’ అన్న మాట అందులో చేరింది 1869 నాటి అయిదో కూర్పులో. ‘ఎవల్యూషన్’ అన్న మాట 1872 నాటి ఆరోదాంట్లో గానీ రాలేదు. మొదటి కూర్పు చేతిలో పట్టుకుని ఆ మాటల కోసం రాత్రంతా వెతికినా దొరకవు.

అనువాదాలు చేసే సభ్యుడు

నాకొక సందేహం. ముద్రణ మారితే పాఠం మారదు, కూర్పు మారితేనే మారుతుంది అన్నంత తేలిగ్గా ఉండదు కదా? ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ అనే ఇంగ్లీషు నవల 1925లో మొదటిసారి అచ్చయినప్పుడు 205వ పేజీలో ‘సిక్ ఇన్ టైర్డ్’ అని తప్పు పడింది. రెండో ముద్రణలో దిద్దారు. ఇప్పుడు సేకరించేవాళ్లు ఆ తప్పు ఉందా లేదా అని చూసే మొదటి ముద్రణను గుర్తుపడతారు. పాఠం మారింది, అయినా దాన్నెవరూ కొత్త ఎడిషన్ అనరు. గీత ఎక్కడ గీస్తారు?

ఇంకోటి, శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ 1950లో వచ్చింది. 1981లో లండన్ నుంచి ఆయన సొంత దస్తూరీతో మళ్లీ వచ్చింది. అచ్చక్షరాలే లేవు. అది ముద్రణా, కూర్పా?

మాస్టారు

అచ్చుతప్పు దిద్దితే ముద్రణ, రచయిత మనసు మార్చుకుంటే కూర్పు. నా గీత అదే. గాట్స్‌బీ మొదటిదాని కింద వస్తుంది, గురజాడ రెండోదాని కింద. మధ్యలో పడేవి ఉంటాయి, వాటిని ఒక ముక్క రాసి వివరించుకోవడమే. ‘సంశోధిత ముద్రణ’ అని ఒక మాట ఉంది చూడండి, పది రాతప్రతులు పోల్చి పాఠం తేల్చినవాటికి పెడతారు. నా లెక్కలో అది ‘సంశోధిత కూర్పు’ కావాలి. పెద్దలు అలా పెట్టలేదు, నేనిప్పుడు పోట్లాడను.

శ్రీశ్రీ దస్తూరీ పుస్తకం మాటకొస్తే, మీరు నన్ను ఇరికించారు. మాటలు అవే, అక్షరాలు వేరే. ‘దస్తూరీ ముద్రణ’ అందామా? రాతను ఒత్తి తీసిందే కదా, ముద్రణ అనడానికి అడ్డేమీ లేదు. అక్షరాలు ఆయన చేత్తో కూర్చినవే అయినా సరే.

లైబ్రరీలో పనిచేసే సభ్యురాలు

మాస్టారూ, అదిగో మళ్లీ ‘కూర్చిన’ అన్నారు!

సరే, నేను సగం దిగొస్తాను. ఒంటరిగా ‘కూర్పు’ అని రాస్తే ఒప్పుకోను. ముందు అంకె, వెనక సంవత్సరం ఉంటే ఒప్పుకుంటాను. ‘కూర్పు: ఫలానా’ అంటే సంకలనకర్త, ‘రెండవ కూర్పు, 1909’ అంటే ఎడిషన్. అప్పుడు మా అబ్బాయి కూడా పొరబడడు. ముద్రణ దగ్గర మాత్రం ఎవరి ముద్రణో చెప్పి తీరాలి. లేకపోతే మీ ‘ప్రథమ ముద్రణ’ లాంటివే అరల నిండా చేరతాయి.

చర్చ మొదలుపెట్టిన సభ్యురాలు

అందరికీ ధన్యవాదాలు. మూడో గడిని రెండు చేశాను, కూర్పుకొకటి, ముద్రణకొకటి. మొదటి పుస్తకం ఇలా వచ్చింది:

కన్యాశుల్కం – గురజాడ అప్పారావు – రెండవ కూర్పు (1909) – ఈ ప్రచురణకర్త ప్రథమ ముద్రణ.

ఏడు అంకాలున్నాయని లెక్కపెట్టి మరీ రాశాను. ఇక బ్రౌన్ తీశాను. అట్ట లేదు, ముందు నాలుగు పేజీలు లేవు, సంవత్సరం ఎక్కడా కనిపించడం లేదు. నిఘంటువుల సభ్యుడు గారూ, 1852 నాటిదో 1903 నాటిదో లోపలి మాటల్ని బట్టి పట్టుకునే ఉపాయం ఏదైనా ఉందా? ‘అ’ దగ్గర మొదటి పేజీ ఫొటో తీసి పెడతాను, చూడండి.