శరణార్థుల"కై"నా, శరణార్థుల"కో"నా? (ఈవెంట్ లిజనర్‌కి మాట వెతుకుతుంటే తగులుకున్న పద్యం)

బ్రాకెట్‌బాధితుడు:
గజేంద్రమోక్షంలో "వినుదట జీవుల మాటలు" పద్యం ఉంది కదా, అందులో "శరణార్థులకై యనుదట పిలిచిన" అని నోటికొస్తోంది గానీ అర్థం కుదిరి చావట్లేదు. ఎందుకు గుర్తొచ్చిందంటే, మా టీమ్‌లో కొత్త పిల్లలకి జావాస్క్రిప్ట్ నోట్సు తెలుగులో రాస్తున్నా. బటన్ మీద క్లిక్ పట్టుకోవడం అందరికీ వచ్చు. మనం రాసుకున్న సొంత ఆబ్జెక్ట్, తెరమీద కనిపించని "బుట్ట" లాంటిది, "నాలో సరుకు మారింది" అని కేకేస్తే మొత్తం లెక్కగట్టే కోడు అందుకోవాలి, అదీ పాఠం. క్లాస్ బుట్ట ఎక్స్‌టెండ్స్ ఈవెంట్‌టార్గెట్ (బ్రౌజరులోనే ఉన్న క్లాసు) అంటే చాలు, యాడ్ఈవెంట్‌లిజనర్ (వినేవాళ్ళని చేర్చేది), డిస్పాచ్ఈవెంట్ (కేకేసేది) రెండూ వచ్చేస్తాయి. కేక పడగానే నడిచే ఫంక్షన్‌ని లిజనర్ అంటారు, దాన్ని తెలుగులో ఏమనాలి? శ్రోత అంటే రేడియో గుర్తొస్తోంది.

కందంకాఫీ:
కై కాదండీ, కో.
"చనుదఁట చనరానిచోట్ల శరణార్థుల కో
యనుదఁట పిలిచిన సర్వముఁ
గనుదఁట సందేహమయ్యెఁ గరుణావార్ధీ"
శరణార్థులకు + ఓ + అనుదట. పిలిస్తే "ఓ" అని పలుకుతాడట. కందంలో రెండో పాదం చివర గురువు ఉండాలి, "కై" కూడా గురువే కాబట్టి ఛందస్సు పట్టివ్వదు, నోరు అలా జారిపోతుంది.

మూడోముద్రణ:
పలుకుతాడట కాదు, పలుకుతావట. వినుదువు, చనుదువు, అనుదువు, అన్నీ మధ్యమపురుషలే. ఎదురుగా లేనివాణ్ణి "నువ్వు" అంటున్నాడు ఏనుగు. ఇక "ఓ" సంగతి. నాకెప్పుడూ అది సందేహార్థకంగానే వినిపిస్తుంది, శరణార్థులకో మరెవరికో అన్నట్టు. అదే ఘట్టంలో "కలఁడో లేఁడో" లేదా? ఆ ఓకారమే ఇది.

కందంకాఫీ:
అయితే "అనుదట"కి కర్మ ఏది సార్? ఏమంటాడు? "ఓ" తీసుకెళ్ళి సందేహంలో పెట్టేస్తే, అనడానికి నోట్లో ఏమీ మిగలదు.

మూడోముద్రణ:
కర్మ అధ్యాహారం, అంటే చెప్పకపోయినా మనమే తెచ్చుకోవాలి. పద్యాల్లో కొత్తేమీ కాదు.

రాత్రిషిఫ్ట్:
మా ఊళ్ళో ఇప్పటికీ దొడ్లోంచి పిలిస్తే "ఓయ్" అనే పలుకుతారు. అధ్యాహారం అక్కర్లేదు.
అసలు ప్రశ్నకొస్తా. ఈ పద్యంలో రెండు పనులు వేరువేరుగా ఉన్నాయి, "వినుదట" ఒకటి, "ఓ యనుదట" ఒకటి. యాడ్ఈవెంట్‌లిజనర్‌కి మనం ఇచ్చే ఫంక్షన్ వినదు. వినిపెట్టుకునేది ఈవెంట్‌టార్గెట్ లోపలి పట్టిక, ఏ పేరుకి ఏ ఫంక్షన్ అని రాసుకుని ఉంటుంది. ఫంక్షన్ చేసేది పలకడమే. కాబట్టి దాన్ని లిజనర్ అనడమే తిరకాసు. ఇంకోటి, ముందే పేరు రాయించుకోకపోతే ఆ కేక నీది కాదు. కేకేశాక యాడ్ చేస్తే పాత కేకలు దాచి వినిపించరు. మా దగ్గర ఒకసారి బుట్ట తయారవుతూనే, అంటే కన్‌స్ట్రక్టర్‌లోనే, "సిద్ధం" అని డిస్పాచ్ చేశారు. బయట ఇంకా ఎవరూ లిజనర్ పెట్టే వీలే లేదు, తప్పెక్కడో తెలీక అందరికీ టెన్షన్.

అరసున్నఅభిమాని:
"సందేహమయ్యెఁ గరుణావార్ధీ" అని ఊరికే అన్నాడా? డిస్పాచ్ఈవెంట్ తిరిగిచ్చే ట్రూకి "ఎవరో విన్నారు" అని అర్థం కాదు. ఒక్కరూ లేకపోయినా ట్రూయే వస్తుంది. రద్దుచెయ్యదగిన ఈవెంటై ఉండి, ఎవరైనా ప్రివెంట్‌డీఫాల్ట్, అంటే మామూలుగా జరిగేది వద్దు, అంటేనే ఫాల్స్. నోడ్‌లో (బ్రౌజరు బయట జావాస్క్రిప్ట్ నడిపేది) ఈవెంట్‌ఎమిటర్ వేరే రకం, ఎమిట్ అంటే వినేవాళ్ళుంటే ట్రూ, లేకపోతే ఫాల్స్. గజేంద్రుడు నోడ్‌లో ఉండుంటే ఆ పద్యమే ఉండేది కాదు.

పాతబ్రౌజరు:
ఈవెంట్‌టార్గెట్ అనే పేరు 2000 నాటి డామ్ లెవెల్ 2లోనే (పేజీని కోడు ఎలా అందుకోవాలో చెప్పే ప్రమాణం) ఉంది. కానీ న్యూ ఈవెంట్‌టార్గెట్ అని మనం కట్టుకోడానికి 2018 దాకా ఆగాల్సొచ్చింది (క్రోమ్ 64, ఫైర్‌ఫాక్స్ 59), సఫారీకైతే 2020. ఈలోపు ఎవడికి వాడు ఒక ఆబ్జెక్ట్ తీసుకుని, పేరుకో అర్రే పెట్టి, ఆన్, ఆఫ్, ట్రిగ్గర్ అని రాసుకునేవాడు. ఇంకా తెలివైనవాళ్ళు ఖాళీ డాక్యుమెంట్ ఫ్రాగ్మెంట్ ఒకటి పుట్టించి, దాని మెథడ్లు అరువు తెచ్చుకునేవాళ్ళు. చేత్తో రాసిన వాటిల్లో ఒక లిజనర్ తప్పు విసిరితే వెనకున్నవాళ్ళెవరికీ కేక అందేది కాదు. అసలు ఈవెంట్‌టార్గెట్‌లో ఆ తప్పు కన్సోల్‌కి పోతుంది, మిగతావాళ్ళు మామూలుగా పలుకుతారు.

మూడోముద్రణ:
ఇవన్నీ సరే, "అట" గురించి ఒక్కరూ మాట్లాడరేం? "పలికెడిది భాగవతమఁట"లో ఉన్నది నమ్మకపు అట. ఇక్కడిది అనుమానపు అట, ఊళ్ళోవాళ్ళు అనుకుంటున్నారు మరి, అన్నట్టు. ఒకే కవి, ఒకే కందం, ఒకే రెండక్షరాలు, గొంతు పూర్తిగా వేరు. అదీ పోతన.

రాత్రిషిఫ్ట్:
పోతన మాటెత్తారు, ఇక ఆయన ఊరు బమ్మెరా ఒంటిమిట్టా అంటూ ఎవరో ఒకరు దిగుతారు.

అరసున్నఅభిమాని:
బమ్మెరే. అందులో చర్చేముంది?

కందంకాఫీ:
మళ్ళీ మొదలా! వినడానికి మాట కావాలంటే పక్కనే "పాహి పాహి యనఁ గుయ్యాలించి సంరంభియై" ఉంది, కుయ్యి + ఆలించి. నేనైతే "ఆలించు" తీసుకుంటా. మొర ఆలించడం వాడుకలో ఉన్న మాటేగా.

రాత్రిషిఫ్ట్:
ఆలించి ఊరుకోలేదుగా, సంరంభి కూడా అయ్యాడు. డిస్పాచ్‌లో అంతే, లిజనర్ల వరస పూర్తయ్యాకే తర్వాతి లైను నడుస్తుంది, వాయిదా ఉండదు. పలకడమే సరైన మాట.

బ్రాకెట్‌బాధితుడు:
సరే, ఆలించేదా, పలికేదా? రేపటికి నోట్సు ఇవ్వాలి. రిమూవ్‌ఈవెంట్‌లిజనర్‌కి కూడా ఏదైనా చెప్పండి, ఇచ్చిన ఫంక్షన్నే మళ్ళీ ఇస్తే తప్ప అది తీయదు, ఆ ముక్క కూడా మాటలో వస్తే బావుంటుంది.

మూడోముద్రణ:
అది తర్వాత చూద్దాం. కర్మ అధ్యాహారం అక్కర్లేదన్నారు కదా రాత్రిషిఫ్ట్ గారు, మరి "సర్వముఁ గనుదఁట"కి "పిలిచిన" అన్వయిస్తుందా, వెనక "ఓ యనుదఁట"కా? మూడో పాదాన్ని ఎక్కడ విరుస్తారో ముందు చెప్పండి.