బాబుకి నాలుగో నెల, లేస్తుంటే పొట్ట మధ్యలో గట్టులాగ వస్తోంది. ఇది మామూలేనా?

రాజాం పిల్ల:

అందరికీ నమస్కారం. నాకు మొదటి కాన్పు, ఆపరేషన్ అయింది. బాబుకి నాలుగో నెల నడుస్తోంది. రాజాం దగ్గర మా కన్నోరింట్లో ఉన్నాను. పైడితల్లమ్మ పండక్కి విజయనగరం అత్తోరింటికి వెళ్ళాలి. ఈలోగా నా ఒంట్లో ఏది మామూలో, ఏది డాక్టరమ్మకి చూపించుకోవాలో తెలిస్తే బాగుంటాదని రాస్తున్నాను.

పొట్ట ఇంకా ఆరో నెల కడుపులాగే ఉంది. మొన్న పాలకొండ బస్సులో ఒకావిడ లేచి నాకు సీటిచ్చి "ఎన్నో నెలమ్మా?" అంది. బాబు పక్కనే మా అమ్మ ఒళ్ళో ఉన్నాడు. ఆవిడ మంచికే అడిగింది గానీ, దిగేవరకూ నాకు కొంగు సర్దుకోవడమే సరిపోయింది.

అంతకంటే భయం వేసేది ఇంకోటి ఉంది. వెల్లకిలా పడుకుని లేస్తుంటే బొడ్డు పైన నడిమధ్యలో నిలువుగా గట్టులాగ పైకి లేస్తాది. కూర్చున్నాక పోతాది. నొప్పేమీ లేదు. అమ్మేమో "పచ్చి బాలింతప్పుడు పొట్టకి గుడ్డ కట్టలేదు, గాలి పట్టీసింది" అంటోంది. కుట్లు ఉన్నాయని అప్పుడు కట్టలేదు మరి. నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట దిగదని ఇప్పటికీ నాకు చెంబుతో కొలిచే ఇస్తారు.

ఇవి కాక, తల దువ్వితే దువ్వెన నిండా జుట్టే. మెట్టెలు వేలికి ఎక్కడం లేదు. కుడిచేతి బొటనవేలి మొదట్లో, బాబుని ఎత్తినప్పుడల్లా కలుక్కుమంటోంది. కుట్టు పైన ముట్టుకుంటే ఆ చర్మం నాది కాదేమో అన్నట్టు మొద్దుబారి ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

చీపురుపల్లి కోడలు:

జుట్టు గురించి బెంగ పెట్టుకోకు చెల్లీ. మా పాపప్పుడు నాకు పాపిడి ఎంత వెడల్పైపోయిందంటే ఫొటోలు దిగడమే మానేశాను. "బిడ్డ తల్లి మొహం పోల్చుకుని నవ్విందంటే తల్లి జుట్టు రాలుతాది" అనేది మా నాయనమ్మ. పాపకి ఏడాది వచ్చేసరికి నుదుటి మీద కొత్త వెంట్రుకలు పొట్టిపొట్టిగా నిలబడ్డాయి. నూనెలూ షాంపూలూ మార్చి డబ్బులు తగలెయ్యకు. పొట్ట సంగతి మాత్రం నాకు తెలీదు. ఇక్కడ రిటైరైన నర్సమ్మ ఒకరు రాస్తుంటారు, ఆవిడ చూస్తే చెప్తారు.

పురుళ్ళ వార్డు నర్సు, విజయనగరం:

చూశానమ్మా. నా ఉద్యోగమంతా పురుళ్ళ వార్డులోనే గడిచింది, ఈ గట్టు సంగతి చాలామంది చీర పక్కకి తీసి చూపించి మరీ అడిగేవారు.

అది గాలి కాదు. పొట్ట ముందువైపు రెండు నిలువు కండరాలు ఉంటాయి, వాటిని మధ్యలో ఒక పట్టీ కలిపి ఉంచుతుంది. లోపల బిడ్డ పెరిగేకొద్దీ ఆ పట్టీ సాగి కండరాలు చెరో పక్కకీ జరుగుతాయి. కాన్పయ్యాక మొదటి రెండు నెలల్లో చాలామందికి మళ్ళీ దగ్గరకొస్తాయి, కొంతమందికి ఎడం మిగిలిపోతుంది. లేచేటప్పుడు లోపలి ఒత్తిడికి ఆ సాగిన చోట పొట్ట పైకి పొడుచుకొస్తుంది. డయాస్టాసిస్ రెక్టై అని రాస్తారు డాక్టర్లు.

ఇంట్లోనే చూసుకో. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, బొడ్డుకి కాస్త పైన వేళ్ళు అడ్డంగా ఆనించి, తల మాత్రం కొంచెం ఎత్తు. రెండు పక్కలా కండరం అంచు గట్టిగా తగులుతుంది, మధ్యలో వేళ్ళు మెత్తగా దిగుతాయి. ఎన్ని వేళ్ళు పట్టాయో చూడు. బొడ్డు దగ్గరా, కిందా కూడా అలాగే చూడు. రెండు వేళ్ళకి మించి ఎడం ఉంటే ఫిజియోథెరపీ వాళ్ళకి చూపించుకోవాలి. పడుకున్నా లోపలికి పోకుండా ఉండలాగ నిలిచిపోయినా, నొప్పి వచ్చినా అది హెర్నియా కావచ్చు, సర్జనుకి చూపించాలి.

గుడ్డ కట్టనందుకు వచ్చింది కాదిది. కట్టు వల్ల నడుముకి ఆసరా ఉంటుంది, ఆ మొదటి రోజుల్లో హాయిగానే ఉంటుంది. కానీ కండరాల్ని అదేం కలపదు. బిగించి కడితే ఆ ఒత్తిడంతా కిందికి, మూత్రాశయం మీదికీ గర్భసంచి మీదికీ పోతుంది. కాన్పైన వెంటనే గర్భసంచి బొడ్డు దాకా ఉంటుంది, కిలో బరువు. ఆరు వారాలకి అదే 60, 70 గ్రాములకి వచ్చేస్తుంది, ఏ కట్టూ లేకపోయినా.

నీళ్ళ చెంబు సంగతి చదివి నాకు కష్టంగా అనిపించింది. పాలిచ్చే తల్లికి దాహం వేసినప్పుడల్లా నీళ్ళు కావాలి. తాగకపోతే మలబద్ధకం, మూత్రంలో మంట. ముక్కి ముక్కి వెళ్తే ఆ ఒత్తిడి మళ్ళీ ఈ ఎడం మీదే పడుతుంది. మీ అమ్మగారికి నా మాటగా చెప్పు: నీళ్ళకి పొట్ట పెరగదు.

జుట్టు విషయంలో ఆ నాయనమ్మగారి లెక్క సరిగ్గా సరిపోతుంది. కడుపుతో ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్ ఎక్కువగా ఉండి, రాలాల్సిన జుట్టు కూడా నిలిచిపోతుంది. కాన్పుతో ఆ హార్మోను పడిపోతుంది, రెండు నుంచి నాలుగు నెలలకి అదంతా ఒకేసారి రాలుతుంది. బిడ్డ మొహం పోల్చుకుని నవ్వేదీ ఆ రోజుల్లోనే. అయితే జుట్టుతో పాటు గుండెదడ, విపరీతమైన నీరసం, ఉన్నట్టుండి బరువు మారడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి, కాన్పు తర్వాత ఏడాదిలో అది తేడా చేయడం ఉంది. హిమోగ్లోబిన్ కూడా చూపించుకో. ఐరన్ మాత్రలు కాన్పయ్యాక 180 రోజులు వేసుకోవాలి, ఆశా ఇస్తుంది. వేసుకుంటున్నావా?

చెయ్యి: బొటనవేలిని కదిలించే తాళ్ళు వాచాయి. బొటనవేలు చాపి బాబు చంకల్లో చేతులు పెట్టి ఎత్తకు, అరచెయ్యి బాబు పిర్రల కింద పెట్టి ఎత్తు. తగ్గకపోతే మణికట్టు పట్టీ రాస్తారు. పాదం వంపు కొందరికి కాన్పుతో కిందికి దిగి అలాగే ఉండిపోతుంది, కాబట్టి మెట్టెలు వదులు చేయించుకో. కుట్టు పైన మొద్దుబారడం, కోతలో తెగిన సన్నటి నరాల వల్ల. నెమ్మదిగా తగ్గుతుంది, కొంచెం మేర మిగిలినా భయం లేదు.

ఒక్కటి నువ్వు రాయలేదు, నేనే అడుగుతాను. దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా మూత్రం చుక్కలు పడుతున్నాయా? బాలింత పొట్ట గురించి వచ్చినవాళ్ళంతా అడుగుతారు, ఈ మాట ఒక్కరూ అడగరు. అడగరు కాబట్టి ఆడవాళ్ళు ఏళ్ళకేళ్ళు పాత గుడ్డలు పెట్టుకుని తిరుగుతారు. అది చూసీ చూసీ నా మనసు మండిపోయేది.

రాజాం పిల్ల:

నర్సమ్మగారూ, మీరు అడిగేసరికి ఏడుపొచ్చేసింది. అవును, తుమ్మితే పడుతోంది. మా ఆయనకి కూడా చెప్పలేదు. నాది ఆపరేషను కదా, మరి నాకెందుకు వస్తుంది? పొట్ట చూసుకున్నాను, బొడ్డు పైన మూడు వేళ్ళు పట్టాయి. ఐరన్ మాత్రలకి విరేచనం గట్టిపడుతోందని అమ్మ ఆపించింది. నడుంనొప్పికి మందులషాపులో ఇచ్చిన బిళ్ళ వేసుకుంటున్నాను. పండక్కి వెళ్తే పనులు చెయ్యొచ్చా?

సోంపేట అమ్మ:

నడుంనొప్పి బిళ్ళ అన్నావు కాబట్టి రాస్తున్నాను చెల్లీ. మాది ఉద్దానం. కిడ్నీ జబ్బు మా ఊళ్ళలో ఎన్ని ఇళ్ళలో ఉందో అందరికీ తెలుసు. నొప్పి బిళ్ళల్లో చాలావరకు కిడ్నీకి మంచివి కావు, డాక్టరు రాయకుండా రోజూ వేసుకోవద్దు. ఏం బిళ్ళో ఆ అట్ట తీసుకెళ్ళి చూపించు. నాకు కడుపుతో ఉన్నప్పుడు బీపీ ఉండేది, కాన్పుతో పోయిందనుకున్నాం. ఇంటికొచ్చాక తలపోటు, కళ్ళు మసకలు. నిద్రలేక అన్నారు ఇంట్లో. ఆశా అక్క వచ్చి చూసి 108 పిలిపించింది. కాన్పయ్యాక ఆరు వారాల వరకూ బీపీ అలా పెరగొచ్చని అక్కడ చెప్పారు. నువ్వు ఆ గడువు దాటావు, కానీ ఇది చదివే పచ్చి బాలింతలు ఉంటారు. తలపోటు, చూపు మసక, ఆయాసం, ఒక్క పిక్కే వాచి నొప్పెట్టడం, జ్వరం, గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం, వీటిల్లో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు.

పురుళ్ళ వార్డు నర్సు, విజయనగరం:

సోంపేట అమ్మాయి మంచి మాట రాసింది, ఆ బిళ్ళ ఆపు.

ఆపరేషనైనా తొమ్మిది నెలలూ బరువు మోసింది ఆ కింది కండరాలే కదా తల్లీ. వాటికి వ్యాయామం ఉంది. గ్యాసూ మూత్రమూ ఒకేసారి ఆపుకుంటున్నట్టు లోపలికి బిగించి, ఐదు అంకెలు లెక్కపెట్టి వదులు. మళ్ళీ బిగించు. విడతకి ఎనిమిది, పది సార్లు, రోజుకి మూడు విడతలు. ఊపిరి బిగపట్టకు, పిర్రలు బిగించకు, మూత్రం పోసేటప్పుడు చేయకు. బాబుకి పాలిస్తూ చేసుకోవచ్చు, ఎవరికీ తెలీదు. మూడు నెలలు వదలకుండా చేస్తే చాలామందికి తగ్గుతుంది.

వెల్లకిలా ఉండి ఒక్క ఊపున లేవకు. పక్కకి తిరిగి, కాళ్ళు మంచం దింపి, చెయ్యి ఆనించి లే. యూట్యూబులో పొట్ట తగ్గడానికని చూపించే పడుకుని లేచే వ్యాయామాలు ఇప్పుడు నీకు పనికిరావు, ఆ గట్టుని ఇంకా పెంచుతాయి. ఐరన్ మళ్ళీ మొదలెట్టు, రాత్రి అన్నం తిన్నాక వేసుకో. తోటకూర, చోడంబలి తీసుకో, నీళ్ళు తాగు. టీతో మాత్రం వేసుకోకు.

ఆపరేషన్ చేసిన డాక్టరమ్మకి మూడు వేళ్ళ ఎడం, తుమ్మితే మూత్రం పడటం, రెండూ చెప్పి ఫిజియోథెరపీకి రాయించుకో. నోరు రాకపోతే కాగితం మీద రాసి ఇయ్యి. పండగలో కూర్చుని చేసే పనులు చెయ్యి. బియ్యం బస్తా, నీళ్ళ బిందె, రుబ్బురోలు ముట్టుకోకు. పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే ఆ సిరిమాను కోటదాకా మూడుసార్లు తిరిగేంతసేపు బాబుని చంకనేసుకుని నిలబడకు, మీ ఆయన్ని ఎత్తుకోమను. ఆయనకి ఈ మూత్రం సంగతి కూడా చెప్పు, మందులకీ ఫిజియోకీ వెంట రావాల్సింది ఆయనే. డాక్టరమ్మ ఏమన్నారో ఇక్కడ రాయి.