కళింగపట్నం ఎండలో షార్ట్ ఫిల్మ్: ఎన్‌డీ ఫిల్టర్ తప్పనిసరా, షటర్ పెంచేస్తే సరిపోతుందా?

నాగావళి గట్టు:
కళింగపట్నం బీచ్‌లో, లైట్‌హౌస్ వైపు, ఇద్దరు నడుస్తూ మాట్లాడుకునే సీను. ఏపీఎస్-సీ (మధ్యరకం సైజు సెన్సర్) కెమెరా, 35 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు, 24 ఫ్రేములు. ఎన్‌డీ ఫిల్టర్ (లెన్సు ముందు బిగించి వెలుతురు తగ్గించే నల్లటి గాజు) లేకుండా షటర్ 1/3000 సెకనుకి పెట్టి, ఎడిటింగ్‌లో మోషన్ బ్లర్ వేసుకోమని ఒకరంటున్నారు. 1/50 దాటితే సినిమాలా ఉండదని ఇంకొకరు. చేతిలో ఉన్న డబ్బు ఫిల్టర్‌కో మైకుకో, ఒక్కదానికే వస్తుంది. ఏటి చెయ్యమంటారు?

కోట జంక్షన్:
ఫిల్టరే. లెక్క చూడండి. నిండు ఎండలో ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి) 100, ఎఫ్ 16 (లెన్సు రంధ్రం, అంకె తగ్గేకొద్దీ పెద్దది) దగ్గర షటర్ సుమారు 1/100 వస్తుంది. వెనక మసకబారాలని ఎఫ్ 2.8కి తెరిస్తే అయిదు స్టాప్‌ల (ఒక్కో స్టాప్‌కి రెట్టింపు) వెలుతురు ఎక్కువై 1/3200కి పోతుంది. అప్పుడు ప్రతి ఫ్రేమూ విడి ఫొటోలా గడ్డకడుతుంది. నడిచే కాళ్లు, గాలికి ఎగిరే పైట, అలల తుంపర, అన్నీ తెర మీద కుదుపులుగా కనబడతాయి. అదే ఎఫ్ 2.8లో 1/50కి రావాలంటే ఆరు స్టాప్‌లు తగ్గాలి, అంటే ఎన్‌డీ 64. లాగ్‌లో (తర్వాత రంగులు దిద్దుకోడానికి వీలుగా చప్పగా రికార్డు చేసే పద్ధతి) తీస్తే చాలా కెమెరాలకు కనీస ఐఎస్ఓ 800 దగ్గర ఉంటుంది, ఇంకో మూడు స్టాప్‌లు కలుస్తాయి. 8 బిట్ (తక్కువ రంగు ఛాయలు నమోదు చేసే) కెమెరా అయితే ఈ సీనుకి లాగ్ జోలికే పోకండి, ఆకాశంలో రంగు మెట్లుమెట్లుగా విరుగుతుంది.

ఎడిటింగ్‌లో వేసే బ్లర్ ఊహ మీద నడిచేది. రెండు ఫ్రేముల మధ్య ఏది ఎటు కదిలిందో సాఫ్ట్‌వేర్ అంచనా కడుతుంది. ముఖం ముందు నుంచి చెయ్యి దాటినప్పుడు వేళ్లు బుగ్గలోకి కరిగిపోతాయి. అల నురగలో పట్టుకోడానికి గుర్తే ఉండదు, జావలా సాగుతుంది.

చింతపల్లి తీరం:
అన్నా, 1/50ని శాసనం చేసేస్తే ఎలా? ఎఫ్ 11కి మూస్తే ఐఎస్ఓ 100లోనే 1/200 వస్తుంది, పైసా ఖర్చు లేదు. నడక సీనులో 1/200ని మామూలు ప్రేక్షకుడు పట్టుకోలేడు. పైగా చేత్తో పట్టి తీసి, తర్వాత కెమెరా తన కదలికను నమోదు చేసుకున్న జైరో డేటాతో వణుకు తీసేద్దామనుకుంటే 1/50 పనికిరాదు. వణుకు పోతుంది గానీ, ఆ వణుకు వల్ల ప్రతి ఫ్రేములో పడ్డ మసక అలాగే మిగులుతుంది. కెమెరా నిలకడగా ఉన్నట్టుంటుంది, ముఖం మాత్రం క్షణానికోసారి మసకబారుతుంది. జైరోకి 1/200, ఆ పైనే కావాలి.

చవక వేరియబుల్ ఎన్‌డీల సంగతి కూడా చెప్పుకోవాలి. వాటిలో ఉండేది ఒకదాని మీద ఒకటి తిరిగే రెండు పోలరైజర్లు. చివరికంటా తిప్పితే, అందులోనూ వైడ్ లెన్సులో, ఫ్రేము మీద నల్లటి ఇంటూ గుర్తు పడుతుంది. నీళ్ల మీది మెరుపు, చర్మం మీది నిగనిగ చచ్చిపోతాయి.

కోట జంక్షన్:
జైరో మాట ఒప్పుకుంటాను, అక్కడ షటర్ పెంచాల్సిందే. ఎఫ్ 11 మాత్రం ఒప్పుకోను. వెనకున్న బజ్జీల బండి, ఆటోలు, కరెంటు స్తంభాలు అన్నీ పాత్రలతో సమానంగా స్పష్టమైపోతాయి. సెన్సర్ మీది దుమ్ము ఆకాశంలో మచ్చలుగా తేలుతుంది. స్టైల్ కోసం తీసే సినిమాలో ఆ రెండూ భరించలేం.

వేరియబుల్ వద్దు, ఫిక్స్‌డ్ ఎన్‌డీ 64 తీసుకోండి. మీ లెన్సుల్లో పెద్దదాని కొలతకి కొని, చిన్నవాటికి స్టెప్-అప్ రింగులు వాడండి. వైట్ బాలెన్స్ ఆటోలో వదలకండి, ఫిల్టర్ బిగించాకే తెల్లకాగితం చూపి సెట్ చేసుకోండి. ఇంత చిక్కటి ఎన్‌డీ మామూలు వెలుతురును ఆపినట్టు ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపకపోవచ్చు. దాంతో కొన్ని నల్ల సింథటిక్ బట్టలు వక్కపొడి రంగుకి తిరుగుతాయి, గ్రేడింగ్‌లో (తర్వాత రంగులు దిద్దేటప్పుడు) అది ఒక పట్టాన పోదు. హీరోకి నల్ల చొక్కా ఉంటే ముందురోజే ఎండలో ఒక షాట్ తీసి చూసుకోండి.

పలాస జీడితోట:
ఇద్దరూ మధ్యాహ్నం ఎండనే పట్టుకున్నారు. మనది తూర్పు తీరం, సూర్యుడు నీళ్ల మీంచే లేస్తాడు. మే నెలలో అయితే అయిదున్నర లోపే. సముద్రం వైపు వెనక వెలుతురు కావాలంటే పొద్దున్నే, సాయంత్రం దొరకదు. పొద్దు పొడిచిన మొదటి గంటలో ఎండ ఇంకా పలచనే, చిన్న ఎన్‌డీ 8 కూడా చాలా షాట్లకు సరిపోతుంది.

పాత్రకి పొందూరు ఖద్దరు పంచె కడితే జీబ్రా (వెలుతురు మితిమీరిన చోట తెర మీద చారలు చూపే గుర్తు) 95 దగ్గర పెట్టుకుని తెలుపు కాలిపోకుండా చూడండి. ముఖం చీకటైతే ఎక్స్‌పోజర్ పెంచొద్దు, తెల్ల సన్‌బోర్డుతో వెలుతురు తిప్పికొట్టండి. థర్మాకోల్ ఆ గాలికి ఆగదు, విరిగి ఎగిరిపోతుంది.

నాగావళి గట్టు:
మరి రాత్రి, ఇంట్లో ట్యూబులైటు కింద సీను? 24 ఫ్రేములకి 1/48 పెడితే మిణుకుమిణుకు వస్తుందా?

చింతపల్లి తీరం:
మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. షటర్ 1/50 గానీ 1/100 గానీ ఉంటే ఆ చుట్లు పూర్తిగా పడతాయి, మిణుకు రాదు. 24 తీసినా 25 తీసినా సంబంధం లేదు. 60 ఫ్రేముల స్లో మోషన్ కూడా 1/100లో శుభ్రంగా వస్తుంది. 120కి మాత్రం కుదరదు, ఫ్రేము నిడివే 1/100 కన్నా తక్కువ. దానికి బ్యాటరీ మీద నడిచే మంచి వీడియో లైటు కావాలి. సీరియల్ బల్బుల తోరణాలు, డిమ్మర్ ఎల్‌ఈడీలకు ఈ లెక్క పనిచెయ్యదు. వాటిని వెలిగించి కెమెరా తెర మీద గీతలు పాకుతున్నాయేమో చూసి, అవి ఆగేదాకా షటర్ మార్చుకోండి.

డబ్బు మాత్రం మైకు మీదే పెట్టు తమ్ముడూ, బొచ్చు తొడుగుతో సహా. ఆ గాలి హోరు ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తియ్యలేదు.

కోట జంక్షన్:
మైకు కొనుక్కో, ఎన్‌డీ 64 ఒక్కరోజుకి అద్దెకి తెచ్చుకో. నడక సీన్లు ట్రైపాడ్ మీదో గింబల్ (వణుకు ఆపే పిడి) మీదో 1/50లో తియ్యి. చేత్తో తీసే షాట్లకి ఫిల్టర్ విప్పేసి, ఎఫ్ 8 దగ్గర 1/400లో తీసుకో.