యుద్ధం జరిగే చోటికి సాయం పంపితే యుద్ధం ఇంకా సాగుతుందా?

మొండివాదన:
ముందు నా మాట చెప్పేస్తాను, తిట్లు తర్వాత. యుద్ధం నడుస్తున్న చోటికి బయటి నుంచి తిండీ డబ్బూ పంపితే జనం కడుపుతో పాటు తుపాకీ పట్టినవాడి కడుపూ నిండుతుంది. 1994లో రువాండా సరిహద్దులోని గోమా ఊరి సంగతే తీసుకోండి. రువాండాలో తుట్సీ తెగవాళ్లను ఊచకోత కోసిన సైన్యం, ఇంటరాహామ్వే అనే సాయుధ మూకలు ఓడిపోయి జులైలో సరిహద్దు దాటి ఇప్పటి కాంగో, అప్పటి జైర్‌లోకి వచ్చాయి. వాళ్లతో పాటే దాదాపు పది లక్షల జనం. క్యాంపులు వేసి రేషన్ పెట్టారు, బాగానే ఉంది. ఎవరి చేతుల మీదుగా? మొన్నటిదాకా ఊళ్లలో పెత్తనం చేసిన ఆ పెద్దల చేతుల మీదుగానే! లిస్టు రాసింది వాళ్లే, లేని తలలు కలిపింది వాళ్లే, మిగిలిన సరుకు అమ్ముకుని మళ్లీ దాడికి తయారైందీ వాళ్లే. ఆ నవంబరులో ఎమ్మెస్సెఫ్ అనే వైద్యుల సంస్థ ఫ్రెంచి విభాగం ఇందులో మేము భాగం కాలేమని సర్దుకుని వెళ్లిపోయింది. 1996లో ఆ క్యాంపుల మీద దాడితో రాజుకున్న మంట తూర్పు కాంగోలో ఇంకా ఆరలేదు. నన్నడిగితే, ఆపేయాలి.

గట్టుమీద:
మొండివాదన గారూ, అదే గోమాలో మొదటి నెల గురించి కూడా రాయాల్సింది. అక్కడి నేలంతా అగ్నిపర్వతం కక్కిన రాయి. మరుగుదొడ్డికి గొయ్యి తవ్వలేరు, శవానికీ తవ్వలేరు. చాపల్లో చుట్టి రోడ్డు పక్కన వరసగా పడుకోబెట్టారు. తాగేది కివూ సరస్సు నీళ్లే. కలరా, రక్త విరేచనాలతో సుమారు 50,000 మంది పోయారు. నీళ్ల ట్యాంకర్లు కూడా ఆపేద్దామంటారా?

ఇంకో మాట. ఆయుధాలున్నవాళ్లను జనం నుంచి విడదీయమని ఐరాస శరణార్థుల సంస్థ మొత్తుకుంది. సైన్యం పంపడానికి పెద్ద దేశాలు ముందుకు రాలేదు. చివరికి ఆ సంస్థే జైర్ సైనికులకు జీతాలిచ్చి కాపలా పెట్టుకుంది. పోలీసు చేయాల్సిన పని వంటవాడి నెత్తిన పెట్టి, అది జరగలేదని వంటవాణ్ని తిడుతున్నాం.

ఊరికేవచ్చా:
వంటవాడి పోలిక బాగుంది. నేను చదవడానికే వచ్చాను, కానివ్వండి.

లెక్కలపిచ్చి:
సాయం యుద్ధాన్ని పెంచుతుందా అనే ప్రశ్నకు ఒకే జవాబు లేదు. అమెరికా నుంచి వెళ్లే ఆహార సాయం పెరిగితే అంతర్యుద్ధాలూ పెరుగుతున్నాయని నన్, చియన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2014లో తేల్చారు. ఆ లెక్క కట్టిన పద్ధతే తప్పని తర్వాత వేరేవాళ్లు గట్టిగా ఎదురు తిరిగారు. దాని మీద నేను పందెం కాయను.

నాకు పనికొచ్చేది ఫిలిప్పీన్స్ ఉదాహరణ. ఊరికి రోడ్డో బడో కట్టుకోవడానికి డబ్బిచ్చే పథకం మొదలవగానే, అది దక్కబోయే ప్రాంతాల్లో తిరుగుబాటుదారుల దాడులు పెరిగాయి. అదే దేశంలో పేద కుటుంబాలకు నేరుగా నగదు ఇచ్చే పథకం వచ్చిన చోట తగ్గాయి. ఎందుకని? రోడ్డు పని అందరికీ కనిపిస్తుంది. మీటింగులు జరుగుతాయి, అధికారులు వస్తారు. దాన్ని చెడగొడితే ప్రభుత్వం పరువు పోతుంది. ఇంటింటికీ వెళ్లే నగదును అంత తేలిగ్గా అడ్డుకోలేరు. కాబట్టి ఎంత ఇచ్చామని కాదు, ఏ దారిన ఇచ్చామో అడగాలి.

మొండివాదన:
దారి మార్చాలన్నా ముందు ఆపాల్సిందే కదా! 2019లో యెమెన్‌లో ఏమైంది? హూతీలనే తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న రాజధాని సనాలో సరుకు పక్కదారి పడుతోందని, వేలిముద్రలతో లబ్ధిదారుల లిస్టు తయారు చేస్తామని ప్రపంచ ఆహార కార్యక్రమం అంది. హూతీలు ఒప్పుకోలేదు. జూన్‌లో సరఫరా ఆపితే ఆగస్టుకల్లా దారికొచ్చారు.

గట్టుమీద:
దాదాపు ఎనిమిదిన్నర లక్షల మందికి రేషన్ ఆగింది, నిజమే. కానీ పసిపిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు ఇచ్చే పోషకాహారం మాత్రం ఆపలేదు. అంటే వాళ్లు కూడా మీలాగా ‘ఆపేయాలి’ అని ఒక్క ముక్కలో తేల్చలేదు.

పాతకాపు:
ఒక్క సందేహం. అసలు మీరంతా ‘సాయం’ అంటున్నది దేన్ని? అఫ్గానిస్తాన్ పునర్నిర్మాణం పేరుతో అమెరికా ఖర్చు పెట్టింది సుమారు 145 బిలియన్ డాలర్లు. అందులో సగానికి పైగా అక్కడి సైన్యానికి, పోలీసులకే పోయింది. 2021 ఆగస్టులో కాబూల్ చేతులు మారినప్పుడు ‘సాయం ఫెయిలైంది’ అని అందరూ రాశారు. ఫెయిలైన వాటిలో తుపాకుల పద్దే పెద్దది!

2024లో ప్రపంచ సైనిక ఖర్చు 2.7 ట్రిలియన్ డాలర్లు. ధనిక దేశాలు అధికారికంగా ఇచ్చిన సాయం 212 బిలియన్లు. పన్నెండు పదమూడు రెట్ల తేడా. పైగా 2025లో బ్రిటన్ రక్షణ బడ్జెట్ పెంచడానికి, 2027 కల్లా సాయాన్ని జాతీయ ఆదాయంలో 0.3 శాతానికి దించుతామంది. ఈ చిన్న పద్దు యుద్ధాలు నడిపిస్తోందంటే నాకు నవ్వొస్తోంది.

మొండివాదన:
పద్దు చిన్నదే, కానీ అది పడే ఊళ్లో ఇంకే డబ్బూ ఉండదు కదా. సరే, ‘పూర్తిగా ఆపేయాలి’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. తుపాకీ ఉన్నవాడు లిస్టు రాసే హక్కు తనదే అన్నచోట మాత్రం ఆపి చూడాలి. అప్పుడే యుద్ధం చేసేవాడికి నొప్పి తెలుస్తుంది.

గట్టుమీద:
ఆపి చూడటం సూడాన్‌లో జరిగింది. అక్కడ ఆపింది దాతలు కాదు. 2024 ఫిబ్రవరిలో సైన్యం నడిపే ప్రభుత్వమే పక్కదేశం చాద్ నుంచి పడమటి సూడాన్‌లోని దార్‌ఫూర్‌కు సాయం వెళ్లే ఆద్రే సరిహద్దు గేటు మూసేయించింది. ఆ దారిలో ఆయుధాలు తనతో పోరాడుతున్న ఎదుటి పక్షానికి వెళ్తున్నాయన్నది దాని వాదన. దార్‌ఫూర్‌లో ఇళ్లు వదిలి వచ్చినవాళ్లుండే జమ్‌జమ్ క్యాంపులో కరువు ఉందని ఆగస్టు మొదట్లో నిపుణులు నిర్ధారించారు. నెల మధ్యలో గేటు తెరిచారు. సుమారు ఆరు నెలలు గేటు మూసే ఉంది, రెండు పక్షాలూ కొట్టుకుంటూనే ఉన్నాయి. నొప్పి ఎవరికి తెలిసిందంటారు, మొండివాదన గారూ?