ట్రాఫిక్ పొగ, తిండి: ప్లేటు మారిస్తే ఒంట్లో నిజంగా ఏం మారుతుంది?

సిగ్నల్_దగ్గర (ప్రశ్న)

రద్దీ రోడ్డు మీద సైకిల్ తొక్కేవాళ్లకు "ఇది తినండి, ఊపిరితిత్తులు శుభ్రమైపోతాయి" అనే సలహాలకు కొదవ లేదు. లోపలికి వెళ్లిన పీఎం 2.5 ధూళిని ఏ కూరగాయా వెనక్కి లాగలేదు, అది నేను అడగడం లేదు. పొగ పీల్చాక ఒంట్లో రేగే ఆక్సిడేటివ్ ఒత్తిడి, వాపు, గుండె లయలో తేడాలు తిండితో తగ్గుతాయని మనుషుల మీద చేసిన ట్రయల్స్‌లో తేలిందా? ఎంత మోతాదుకు? అది మామూలు భోజనంలో వస్తుందా, మాత్రలు మింగాల్సిందేనా? ఎలుకల మీద చేసినవి దయచేసి వద్దు.

ఊపిరి_లెక్క

తేలింది. అయితే ఒక్కో పదార్థం ఒక్కో చోట పనిచేస్తుంది, అన్నిటినీ "యాంటీ ఆక్సిడెంట్లు" అని ఒకే గాటన కట్టేస్తేనే గందరగోళం.

మోతాదు లెక్క బాగా తేలింది బ్రోకలీ మొలకల్లో. చైనాలోని చీడాంగ్ ప్రాంతంలో 291 మందికి 12 వారాలు మొలకల పానీయం ఇచ్చి చూశారు (ఫలితాలు 2014లో వచ్చాయి). రోజుకు 600 మైక్రోమోల్స్ గ్లూకోరఫానిన్ (బ్రోకలీలో సహజంగా ఉండే పదార్థం), 40 మైక్రోమోల్స్ సల్ఫోరఫేన్ (దాని నుంచి తయారై అసలు పనిచేసే పదార్థం). తాగినవాళ్ల మూత్రంలో పొగలోని విష రసాయనాలైన బెంజీన్ వ్యర్థం 61 శాతం, అక్రోలీన్ వ్యర్థం 23 శాతం ఎక్కువగా బయటికి పోయింది. అలాంటిదే మరో రసాయనం క్రోటొనాల్డిహైడ్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. సల్ఫోరఫేన్ ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రొటీన్‌ను, దాన్ని అణచి ఉంచే కీప్1 అనే మరో ప్రొటీన్ పట్టు నుంచి విడిపిస్తుంది. దాంతో ఒంట్లోనే తయారయ్యే గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం, దాన్ని విషాలకు తగిలించే జీఎస్‌టీ ఎంజైమ్‌లు పెరుగుతాయి. అలా తగిలించాక బెంజీన్ శకలం నీటిలో కరుగుతుంది, మూత్రపిండాలు దాన్ని బయటికి తోసేస్తాయి. అంటే ఇదంతా పొగలోని ఆవిరి రసాయనాల సంగతి. మసి కణం జోలికి ఇది పోదు.

తర్వాత అక్కడే పూర్తి మోతాదు, సగం, ఐదో వంతు ఇచ్చి పోల్చారు (2019). బెంజీన్ విసర్జన నమ్మదగ్గ స్థాయిలో పెరిగింది పూర్తి మోతాదుకే. "కొంచెమైనా తింటే కొంచెం మేలు" అనే వాదన ఇక్కడ నిలబడదు.

గుండె, రక్తనాళాల వైపు చేపనూనె ఉంది. అమెరికాలో 29 మంది ఆరోగ్యవంతులైన మధ్యవయస్కులకు 4 వారాలు రోజుకు 3 గ్రాముల చేపనూనె గానీ ఆలివ్ నూనె గానీ ఇచ్చి, తర్వాత గాఢత పెంచిన బయటి గాలి ధూళిని 2 గంటలు పీల్పించారు. సాంద్రత ఘనపు మీటరుకు సగటున 278 మైక్రోగ్రాములు. గుండె లయలో, ట్రైగ్లిజరైడ్లలో (రక్తంలోని ఒక రకం కొవ్వులు) వెంటనే వచ్చిన మార్పులు ఆలివ్ నూనె గుంపులో కనిపించాయి, చేపనూనె గుంపులో లేవు. విచిత్రమేమిటంటే, తర్వాత చేసిన ప్రయోగంలో రక్తనాళాల వ్యాకోచం విషయంలో ఆలివ్ నూనే మెరుగ్గా కాపాడింది! షాంఘైలో 65 మంది విద్యార్థులకు రోజుకు 2.5 గ్రాముల చేపనూనె ఇచ్చిన ట్రయల్‌లో వాపు, రక్తం గడ్డకట్టడం లాంటి సూచికలు పీఎం 2.5 పెరిగినప్పుడు కూడా నిలకడగా ఉన్నాయి.

మరో కాలుష్య వాయువు ఓజోన్ విషయానికొస్తే, మెక్సికో సిటీలో ఆస్తమా ఉన్న 158 మంది పిల్లలకు రోజూ 250 మి.గ్రా. విటమిన్ సి, 50 మి.గ్రా. విటమిన్ ఇ ఇచ్చారు. ఓజోన్ పెరిగినప్పుడు చిన్న శ్వాసనాళాల్లో గాలి వేగం డమ్మీ మాత్ర గుంపులో పడిపోయింది, విటమిన్ల గుంపులో పడిపోలేదు. పైన చెప్పిన జీఎస్‌టీ ఎంజైమ్‌లలో ఒకదాన్ని తయారుచేసే జీఎస్‌టీఎం1 జన్యువు లేని పిల్లల్లో మేలు మరింత స్పష్టం.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఇవన్నీ మూత్రంలో, రక్తంలో, ఈసీజీలో, ఊదుడు పరీక్షలో కొలిచిన సూచికలు. గుండెపోట్లు తగ్గాయని ఈ ట్రయల్స్ ఏవీ చూపలేదు.

వంటగది_కెమిస్ట్

600 మైక్రోమోల్స్ భోజనంలో వస్తుందా అన్నది వంట మీద ఆధారపడుతుంది. మామూలు బ్రోకలీ పువ్వులో గ్రాముకు గ్లూకోరఫానిన్ తరచుగా 1 మైక్రోమోల్ కూడా ఉండదు. లెక్కేస్తే రోజుకు 600 గ్రాముల పైమాటే, ఎవరూ తినరు. మూడు రోజుల మొలకల్లో దానికి 10 నుంచి 100 రెట్లు ఉండొచ్చు, కాబట్టి కొన్ని పదుల గ్రాములతో పని అవుతుంది. అయితే గింజ రకాన్ని బట్టి తేడా చాలా ఎక్కువ.

అసలు తంటా ఇంకోటుంది. గ్లూకోరఫానిన్ తనంతట తాను పనిచేయదు. మైరోసినేజ్ అనే ఎంజైమ్ దాన్ని సల్ఫోరఫేన్‌గా మార్చాలి. కూరలో ఈ రెండూ వేర్వేరు అరల్లో ఉంటాయి, తరిగినప్పుడో నమిలినప్పుడో కలుస్తాయి. తరిగీ తరగగానే మరిగే నీళ్లలో వేస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది, పైగా గ్లూకోరఫానిన్‌లో కొంత నీళ్లలోకి దిగి, ఆ నీళ్లతో పాటే సింకులోకి పోతుంది. ఎంజైమ్ లేకపోతే పేగులోని బ్యాక్టీరియా కొంత మారుస్తుంది గానీ, ఆ మొత్తం తక్కువ, మనిషికీ మనిషికీ పొంతన ఉండదు.

అందుకే: చిన్నగా తరగండి, 40 నిమిషాలు అలా వదిలేయండి, ఆ తర్వాత వండుకోండి. అప్పటికే తయారైన సల్ఫోరఫేన్ వేడికి ఎంజైమ్ కంటే బాగా తట్టుకుంటుంది. ఆగే తీరిక లేకపోతే ఆవిరి మీద 3-4 నిమిషాలు చాలు, రంగు ముదురుతూండగానే దించండి. ఫ్రోజెన్ ప్యాకెట్‌లోది ఫ్యాక్టరీలోనే వేడినీళ్లలో ముంచి తీసినది, ఎంజైమ్ దాదాపు ఉండదు. దానికి విరుగుడు పచ్చి ఆవపొడి. ఉడికిన 200 గ్రాముల బ్రోకలీకి 1 గ్రాము ఆవపొడి కలిపితే శరీరానికి అందే సల్ఫోరఫేన్ నాలుగు రెట్లకు మించి పెరిగినట్టు కొలిచారు. దించాకే చల్లాలి. నూనెలో వేగిన ఆవాలు దీనికి పనికిరావు.

పచ్చి మొలకల్లో సాల్మొనెల్లా, ఈ-కోలీ ప్రమాదం నిజమైనదే. గర్భిణులు, చిన్నపిల్లలు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు పచ్చివి తినకూడదు.

విటమిన్ సి 250 మి.గ్రా. తిండిలో సులువే: జామపండు 100 గ్రాముల్లో 200 మి.గ్రా. దాటుతుంది, ఎర్ర క్యాప్సికంలో 120 పైనే. విటమిన్ ఇ 50 మి.గ్రా. కావాలంటే మాత్రం 200 గ్రాముల బాదం నమలాలి.

లేబుల్_చదవండి

మాత్రల వైపు వెళ్లే ముందు రెండు మాటలు.

బీటా కెరోటిన్ మాత్రలు పొగతాగేవాళ్లు అస్సలు ముట్టకూడదు. ఫిన్లాండ్‌లో 29 వేల మంది పొగతాగే మగవాళ్ల మీద చేసిన ట్రయల్‌లో (1994) రోజుకు 20 మి.గ్రా. మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువైంది. అమెరికా ట్రయల్‌లో 30 మి.గ్రా.తో పాటు విటమిన్ ఎ కూడా ఇస్తే 28 శాతం, దాంతో 1996లో ముందే ఆపేశారు. క్యారెట్ తినడానికి ఈ భయం లేదు.

బి విటమిన్లు కాలుష్యాన్ని ఎదుర్కొంటాయని తరచూ చూపించే 2017 ప్రయోగంలో ఉన్నది 10 మందే. వాళ్లకిచ్చింది ఫోలిక్ ఆమ్లం 2.5 మి.గ్రా., బి6 50 మి.గ్రా., బి12 1 మి.గ్రా. పెద్దవాళ్లకు ఫోలిక్ ఆమ్లం గరిష్ఠ పరిమితే 1 మి.గ్రా. అది దాటితే బి12 లోపం రక్తపరీక్షలో బయటపడకుండా కప్పబడిపోయే ప్రమాదం ఉంది. బి6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కే నరాల సమస్య వస్తుంది. నాలుగు వారాల ప్రయోగాన్ని నాలుగేళ్ల అలవాటు చేసుకోవద్దు.

సిగ్నల్_దగ్గర

వివరాలకు థ్యాంక్సండీ. చేపనూనె విషయం ఒక్కటి: గాలి బాగోలేదని తెలిసిన రోజున మాత్రమే వేసుకుంటే సరిపోదా? చేప తిననివాళ్లకు అవిసె గింజలు చాలవా?

ఊపిరి_లెక్క

రెంటికీ కాదనే జవాబు. చేపనూనెలోని ఒమేగా-3 కొవ్వులైన ఈపీఏ, డీహెచ్‌ఏ కణాల పొరల్లోకి చేరి అక్కడి కొవ్వుల నిష్పత్తిని మార్చాలి, దానికి వారాలు పడుతుంది. ట్రయల్‌లో 4 వారాలు ముందుగా ఇచ్చింది అందుకే. అవిసెలో ఉండేది ఏఎల్‌ఏ అనే మరో రకం ఒమేగా-3. శరీరం అందులో కొద్ది శాతమే ఈపీఏగా మారుస్తుంది, డీహెచ్‌ఏగా ఇంకా తక్కువ. చేప తిననివాళ్లకు నాచు నూనె క్యాప్సూల్ ఉంది. కొవ్వు చేపలైతే 100 గ్రాముల్లో రెండూ కలిపి సుమారు 1 నుంచి 2 గ్రాములు వస్తాయి.

క్యాప్సూల్ కొంటే డబ్బా ముందున్న "1000 మి.గ్రా." చూసి మోసపోకండి, అది నూనె బరువు. వెనక ఈపీఏ, డీహెచ్‌ఏ కలిపితే చాలా బ్రాండ్లలో 300 మి.గ్రా. దగ్గరే ఆగుతుంది. రక్తం పలచబరిచే మందులు వాడుతున్నా, గుండె లయ తప్పే సమస్య ఉన్నా డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టొద్దు.

ఇంకోటి, అడగకపోయినా చెబుతున్నా. సైకిల్ తొక్కేటప్పుడు కూర్చున్నప్పటికంటే కొన్ని రెట్లు ఎక్కువ గాలి పీలుస్తాం. వాహనాల అతిసూక్ష్మ కణాలు హైవే నుంచి 300 మీటర్లు దాటేసరికి దాదాపు మామూలు స్థాయికి పడిపోతాయి. సమాంతరంగా లోపలి వీధి ఉంటే ముందు దారి మార్చండి, బ్రోకలీ సంగతి తర్వాత చూడొచ్చు.